పశువుల ఆస్పత్రి గుమ్మంలో గద్ద

సంక్రాంతి వెళ్లాక పశువుల ఆస్పత్రులకు అట్టపెట్టెలు వస్తాయి. మూత తీస్తే లోపల ఏ గద్దో, కొంగో. రెక్క ముందంచున ఉండే పల్చటి చర్మాన్ని గాలిపటాల మాంజా కోసేసి ఉంటుంది, దారం ఇంకా చుట్టుకునే ఉంటుంది. ఈకలు నెత్తుటితో అట్టకట్టి ఉంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించినా ఈ పెట్టెలు ఆగలేదు. పెట్టె పట్టుకొచ్చిన పిల్లాడికి తరచూ దొరికే జవాబు: ‘ఇది ఫారెస్టు వాళ్ల పని బాబూ, జూకి తీసుకెళ్లు.’

జూ ఎక్కడుంది? తెలుగు రాష్ట్రాల్లో పెద్ద జూలు హైదరాబాద్, విశాఖ, తిరుపతిలో ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. నెత్తురు కారుతున్న పక్షి అంతసేపు బతకదు. పశువుల ఆస్పత్రి అయితే మండల కేంద్రంలోనే ఉంటుంది.

డాక్టర్ల భయాన్ని మేం తప్పుపట్టడం లేదు. వన్యప్రాణి అనగానే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, కేసు, టెన్షన్ గుర్తొస్తాయి. కానీ ఆ చట్టంలోని 39వ సెక్షన్, ప్రభుత్వ ఆస్తిగా లెక్కకొచ్చే వన్యప్రాణి చేతికొచ్చినవారు 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారికో తెలపాలంటోంది. గాయానికి కట్టు కట్టి అటవీ రేంజర్‌కు కబురు పెట్టిన డాక్టర్‌కు ఏ ఇబ్బందీ రాదన్న భరోసా మాత్రం కాగితం మీద ఉండాలి.

చేతి అలవాటు ఇంకో సమస్య. వేసవిలో నీళ్ల కోసం పొలాల్లోకి వచ్చిన జింకను కుక్కలు తరుముతాయి. గాయం చిన్నదే అయినా, గేదెను పట్టినట్టు నలుగురూ ఒడిసిపడితే ఆ బెదురుకే కండరాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. ముందు కళ్లకు గుడ్డ కట్టాలి, జనాన్ని పంపేయాలి, వీడియోలు ఆపించాలి. పక్షి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దాన్ని గాలి ఆడే చీకటి పెట్టెలో కదలకుండా ఉంచాలి. కోతి, ముంగిస, గబ్బిలం అయితే గ్లవుజులు లేకుండా ముట్టుకోకూడదు, రేబిస్ ప్రమాదం ఉంది. ఇవి రెండు రోజుల శిక్షణతో వచ్చే పనులే.

అడవికీ పశువైద్యానికీ సంబంధం లేదనుకుంటే పొరపాటు. పశువుల నొప్పులకు వేసిన డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువులకు ఆ మందు వాడకం ఆపారు. తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు కనిపిస్తే అంత సంబరపడింది అందుకే.

రెండు రాష్ట్రాల్లోనూ పశుసంవర్ధక, అటవీ శాఖలు కలిసి ఒక ఉత్తర్వు ఇవ్వాలి. మొదటి చికిత్స పశువుల ఆస్పత్రిది. తర్వాత ఎక్కడ ఉంచాలి, ఎప్పుడు వదలాలి అన్నది అటవీ శాఖది. మందుల ఖర్చు ప్రభుత్వానిది. ప్రైవేటు క్లినిక్‌లకూ ఇదే వర్తించాలి. రేంజర్ ఫోన్ నంబరు ప్రతి ఆస్పత్రి గోడ మీదా ఉండాలి, అర్ధరాత్రి చేసినా ఎత్తాలి. వచ్చే సంక్రాంతికి గాలిపటాలు ఎగరకముందే ఆ ఉత్తర్వు మండలాలకు చేరాలి.