గ్రహణానికి పట్టుంది, విడుపూ ఉంది

2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి, ఆదివారం. రాత్రి 9:57కి చంద్రగ్రహణం పట్టింది, అర్ధరాత్రి దాటాక 1:26కి విడిచింది. మబ్బు లేని చోట నడుమ 82 నిమిషాల పాటు చంద్రుడు తోమని రాగిచెంబులా కనిపించాడు. ఆ రోజు నియమం పాటించే ఇళ్లలో మధ్యాహ్నం ఒంటిగంట లోపే భోజనాలు ముగిశాయి. తిరుమలలో మూడున్నరకే ఆలయం తలుపులు మూశారు. ఎన్నో ఇళ్లలో నెలలు నిండుతున్న గర్భిణిని కూడా అందరితో పాటే ఉపవాసం ఉంచారు. కొన్నిచోట్ల మంచినీళ్లు సైతం ముట్టనివ్వలేదు. ఇందులో మొదటి రెండింటికీ ఆచారంలో ఆధారం ఉంది. మూడోదానికి లేదు. పైగా దానికి విరుద్ధంగానే నియమం ఉంది.

గ్రహణ భోజన నియమాన్ని శాస్త్రం ‘వేధ’ అంటుంది. సూర్యగ్రహణానికి ముందు నాలుగు జాములు, చంద్రగ్రహణానికి ముందు మూడు జాములు భోజనం చేయరాదు. జాము అంటే సుమారు మూడు గంటలు. కాబట్టి సెప్టెంబరు 7న స్పర్శ కాలమైన 9:57 నుంచి తొమ్మిది గంటలు వెనక్కి వెళితే మధ్యాహ్నం 12:57 వస్తుంది. గ్రహణం పట్టిన జామును వదిలి, అంతకుముందు మూడు పూర్తి జాములను లెక్కించే పద్ధతీ ఉంది. అలా చూస్తే గ్రహణం రాత్రి రెండో జాములో పట్టింది కనుక పగటి మూడో జాము నుంచే, అంటే మిట్టమధ్యాహ్నం నుంచే వేధ మొదలవుతుంది. ఒక పంచాంగం పన్నెండని, మరొకటి పన్నెండు యాభై ఏడని రాయడానికి కారణం ఇదే. రెండూ తప్పు కాదు.

ఈ లెక్క ఆరోగ్యవంతులైన పెద్దలకు. పిల్లలకు, వృద్ధులకు, రోగులకు వేధ వేరు. పురోహితులు ఇవాళ్టికీ నిర్ణయాల కోసం తెరిచే ధర్మసింధువు వీళ్లకు ఒకటిన్నర జాము గానీ, మూడు ముహూర్తాలు గానీ చాలంటుంది. ముహూర్తం 48 నిమిషాలు. మూడు ముహూర్తాలంటే 2 గంటల 24 నిమిషాలు. సెప్టెంబరు 7 రాత్రికి దీన్ని అన్వయించి చూడండి. 9:57లోంచి 2:24 తీసేస్తే 7:33. అంటే మధుమేహం ఉన్న తాతగారు, ఆరేళ్ల మనవరాలు, కడుపుతో ఉన్న కోడలు సాయంత్రం ఏడుంబావుకు కడుపునిండా అన్నం తినవచ్చు. గ్రహణం విడిచే 1:26కి వాళ్ల పొట్ట ఖాళీగా ఉండేది ఆరు గంటలు. రోజూ రాత్రి నిద్రలో గడిచే విరామం కన్నా అది తక్కువే. అందరికీ ఒకే లెక్క కట్టిన ఇంట్లో అదే విరామం పన్నెండున్నర గంటలైంది. గర్భిణి రోగి కాదు కదా, ఆమెకు ఈ సడలింపు ఎలా వర్తిస్తుందని అడిగేవారున్నారు. ఆకలికి తట్టుకోలేని దేహస్థితి గలవారి కోసమే ఆ మినహాయింపు పెట్టారు. వైద్యుడు రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినమని చెప్పిన మనిషి ఆ కోవలోకి రాకుంటే ఇంకెవరు వస్తారు?

తిండి విషయంలో ఇంకో సంగతి కూడా మరుగున పడింది. గ్రహణానికి ముందు వండిన అన్నం, కూర పారబోయాలని అందరికీ తెలుసు. వేటికి దోషం లేదన్న పట్టిక మాత్రం చాలామందికి తెలియదు. నీళ్లు, పాలు, పెరుగు, మజ్జిగ, పుల్లని గంజి, నెయ్యిలోనో నూనెలోనో వండినవి: వీటిలో దర్భ గానీ నువ్వులు గానీ వేస్తే చెడవని స్మృతి వాక్యం. మన ఇళ్లలో ఆవకాయ జాడీ మీద, నెయ్యి గిన్నెలో, మంచినీళ్ల బిందెలో దర్భ వేసే అలవాటు దాన్నుంచే వచ్చింది. దర్భ దొరకని చోట గరిక వేస్తున్నారు. ఈ పట్టికను వంటింటి కళ్లతో చూస్తే దాని తర్కం తెలుస్తుంది. తేమ ఎక్కువగా ఉండి, పులుపు, ఉప్పు, నూనె లేని అన్నం, పప్పు, కూర పన్నెండు గంటల్లో పాడవుతాయి. పులిసినవి, నూనెలో మునిగినవి నిలుస్తాయి. ఫ్రిజ్ లేని రోజుల్లో ఈ విభజన చక్కగా పనిచేసింది. ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న దోసెపిండి, కూరలు మొత్తం చెత్తకుండీలో వేసే ఇళ్లున్నాయి. ముందురోజే పిండి రుబ్బకుండా ఆగితే, మధ్యాహ్నానికి సరిపడా మాత్రమే వండుకుంటే నియమమూ నిలుస్తుంది, అన్నమూ వృథా కాదు. మందులు వాడేవారికి ఇదంతా అడ్డు కాకూడదు. ముఖ్యంగా ఇన్సులిన్ వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, మనిషి సోలిపోతాడు.

ఇక గర్భిణుల సంగతి. తెలుగులో చీలిన పై పెదవికి పేరే ‘గ్రహణపు మొర్రి’. భాషలోకే ఎక్కిన నమ్మకం కాబట్టి దాన్ని కదిలించడం కష్టం. అయినా తేదీల లెక్క ఒక్కటి చాలు. బిడ్డ పై పెదవి గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు కలిసిపోతుంది. అంగిలి ఆరో వారం నుంచి తొమ్మిదో వారం లోపు మూసుకుంటుంది. గర్భం నిర్ధారణ అయిన కొద్ది వారాల్లోపే పెదవి పని పూర్తవుతుంది. ఏడో నెలలో గ్రహణం వస్తుందని చీకటి గదిలో కూర్చోబెట్టిన అమ్మాయి కడుపులోని బిడ్డకు పెదవి ఏర్పడి అప్పటికి నెలలు గడిచాయి. కత్తి పట్టినా, కూర తరిగినా, సూదిలో దారం ఎక్కించినా అది మళ్లీ చీలదు. మొర్రికి వంశపారంపర్యం, పొగాకు, అదుపులేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు కారణాలవుతాయి. అందుకే మూర్ఛ మందులు వాడేవారు గర్భం కోరుకునే ముందే వైద్యుణ్ని కలవాలి. గర్భధారణకు కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలి. మొర్రితో బిడ్డ పుడితే తల్లిని నిందించే పనే లేదు. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు.

మొర్రి భయం కన్నా దాని కోసం చేసే జాగ్రత్తలే ఎక్కువ హాని చేస్తున్నాయి. గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా కదలకుండా, ఒత్తిగిలకుండా, వెల్లకిలా పడుకోమంటారు. సెప్టెంబరు 7 గ్రహణానికి అది మూడున్నర గంటలు. నెలలు నిండిన గర్భాశయం బరువు వెల్లకిలా ఉన్నప్పుడు వెన్నెముక పక్కన ఉండే పెద్ద సిర మీద పడుతుంది. గుండెకు తిరిగి వెళ్లే రక్తం తగ్గుతుంది, తల్లికి కళ్లు తిరుగుతాయి, బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది. వైద్యులు ఎడమవైపు తిరిగి పడుకోమనేది అందుకే. నీళ్లు తాగకపోతే మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు దారి తీయవచ్చు, నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యే ప్రమాదమూ ఉంది. మూత్రానికి లేవకూడదన్న ఆంక్ష దీనికి తోడైతే ఆ మూడున్నర గంటలు నరకమే. గదిలో ఉండాలనుకుంటే ఉండండి. జపం చేసుకోండి, ఎడమవైపు ఒత్తిగిలి పడుకోండి, పక్కన నీళ్ల చెంబు పెట్టుకోండి, అవసరమైనప్పుడు లేవండి. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే, నొప్పులు మొదలైతే, ఉమ్మనీరు పోతే గ్రహణం విడిచేదాకా ఆగకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. ఇందులో బేరం లేదు.

పల్లెల్లో ప్రతి గ్రహణానికీ రోకలి నిలబెడతారు. ఇత్తడి తాంబాళంలో పసుపు నీళ్లు పోసి, మధ్యలో రోకలిని నిలబెట్టి, అది పడకుండా ఉన్నంతసేపూ గ్రహణం ఉన్నట్టని చెబుతారు. చూడముచ్చటైన ఆచారమే. పొన్ను తొడిగిన రోకలి అడుగు బల్లపరుపుగా, దాదాపు ఏడు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. నాలుగడుగుల పైచిలుకు పొడవున్న రోకలికి బరువు కేంద్రం సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, అది మూడు డిగ్రీల దాకా ఒరిగినా పడదు. ఓపిగ్గా నిలబెడితే ఏకాదశి నాడైనా నిలుస్తుంది. పడిపోతోందంటే పొన్ను అరిగి ఒకవైపు వాలి ఉండాలి, లేదా తాంబాళం అడుగు సొట్టపడి ఉండాలి. మామూలు రోజున పిల్లలతో ఒకసారి నిలబెట్టించి చూపిస్తే మంచిది.

శాస్త్రం గట్టిగా పట్టుబట్టిన షరతు ఇంకొకటుంది. గ్రహణం మన చోట కంటికి కనిపించేదై ఉండాలి. కనిపించని గ్రహణానికి వేధా లేదు, స్నానమూ లేదు. మబ్బు కమ్మి కనిపించకపోతే మాత్రం పంచాంగ కాలాన్ని బట్టి పట్టు స్నానం, విడుపు స్నానం చేయాలి. ఈ షరతును గుర్తుంచుకుంటే టీవీ చర్చలు సగం అనవసరమని తేలిపోతాయి. 2023 మే 5, వైశాఖ పౌర్ణమి నాటిది ఉపచ్ఛాయ గ్రహణం. చంద్రుడి వెలుగు కాస్త మందగించిందే తప్ప బింబం కొంచెం కూడా తరగలేదు. పంచాంగాలు దాన్ని గ్రహణంగా లెక్కించవు. అయినా ఏ రాశికి ఏ కీడని గంటల తరబడి చర్చలు నడిచాయి. 2026 మార్చి 3 గ్రహణం దీనికి భిన్నం. అది మధ్యాహ్నం 3:20కి మొదలై సాయంత్రం 6:47కి ముగుస్తుంది కాబట్టి మనకు చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు. దీన్ని గ్రస్తోదయం అంటారు. హైదరాబాద్‌లో కంటికి కనిపించేది పాతిక నిమిషాలకు అటూ ఇటూ. తూర్పున ఉన్న విశాఖలో చంద్రోదయం ముందే కాబట్టి ఇంకో పావుగంటకు పైగా ఎక్కువ. అదే గ్రహణం కాలిఫోర్నియా తెలుగువారికి తెల్లవారుజామున 1:50 నుంచి 5:17 దాకా. వాళ్లు హైదరాబాద్ పంచాంగంలోని గంటలు చూసి మధ్యాహ్నం పస్తుండటంలో అర్థం లేదు. తమ ఊరి కాలం చూసుకోవాలి. 2025 సెప్టెంబరు గ్రహణమైతే అమెరికాలో కనిపించనే లేదు.

రాశుల భయానికీ లెక్క ఉంది. జన్మరాశి నుంచి 1, 4, 8, 12 స్థానాల్లో గ్రహణం పడితే అశుభమని, 3, 6, 10, 11లో శుభమని, తక్కినవి మధ్యమమని నియమం. సెప్టెంబరు 7న గ్రహణం కుంభంలో పట్టింది కాబట్టి అశుభం కుంభ, వృశ్చిక, కర్కాటక, మీన రాశులకు. ఏ గ్రహణమైనా పన్నెండింట నాలుగు రాశులకు ఇలా వస్తుంది. ఏడాదికి రెండు మూడు గ్రహణాలు వస్తే దాదాపు అందరి వంతూ అవుతుంది. చంద్రుడికి బియ్యం, రాహువుకు మినుములు, కేతువుకు ఉలవలు దానం చేయడం పాతకాలపు పరిహారం. కిలోంబావు బియ్యం, కిలోంబావు మినుములు పేదింటికి చేరితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వేలల్లో ‘గ్రహణ శాంతి ప్యాకేజీ’ అమ్మేవాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. స్పర్శలో స్నానం, మధ్యలో జపం, హోమం, విడిచేటప్పుడు దానం, విడిచాక మళ్లీ స్నానం అని చెప్పిన శాస్త్రమే గ్రహణవేళ ఏ నీళ్లైనా గంగాజలంతో సమానమంది. ఇంటి బావి చాలు.

రాహువు మింగుతాడన్నది పురాణం, నీడ పడుతుందన్నది గణితం. మనవాళ్లు రెంటినీ పక్కపక్కనే ఉంచుకున్నారు. ఆర్యభటుడు చంద్రుడు సూర్యుణ్ని, భూఛాయ చంద్రుణ్ని కప్పుతాయని 499 నాటికే రాశాడు. జ్యోతిషంలో రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని కోసే రెండు బిందువులు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడగొట్టి చూశాడు. అప్పటికి భూమి మీద ఎవరికీ తెలియని హీలియం ఆచూకీ ఆ గ్రహణపు పరిశీలనల్లోంచే బయటపడింది. అదే రోజు వనపర్తిలో దుర్భిణి పెట్టుకుని కూర్చున్నది మద్రాసు ఖగోళ వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి. ఆయన పంచాంగకర్త కూడా. పాత లెక్కలు ఆకాశంతో సరిపోకపోతే లెక్కనే దిద్దాలని దృగ్గణిత పంచాంగం వెలువరించాడు. స్పర్శ, మోక్ష (పట్టు, విడుపు) కాలాలను ఇవాళ నిమిషం తేడా లేకుండా చెప్పగలుగుతున్నామంటే ఆ పట్టుదల చలవే. 1980 ఫిబ్రవరి 16న తెలుగునేల మీదుగా సాగిన సంపూర్ణ గ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి పరిశీలించింది. ఆ మధ్యాహ్నం ఎందరో తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చున్నారు.

చంద్రగ్రహణాన్ని ఎంతసేపు చూసినా కంటికి ఏమీ కాదు. సూర్యగ్రహణం వేరు. పసుపు నీళ్లలోనో పేడ నీళ్లలోనో ప్రతిబింబం చూస్తే చాలనుకోవడం పొరపాటు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నిశ్చలమైన నీరు వెలుగులో దాదాపు రెండు శాతాన్ని తిప్పి పంపుతుంది. కంటికి క్షేమం కావాలంటే వెలుగు ముప్పై వేలో వంతు కన్నా తక్కువకు తగ్గాలి. ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు కూడా పనికిరావు. రెటీనాకు నొప్పి తెలియదు కనుక కాలిన సంగతి గంటల తర్వాత చూపు మసకబారినప్పుడే బయటపడుతుంది. ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న కళ్లద్దాలు గానీ, 14వ నంబరు వెల్డింగ్ గాజు గానీ వాడాలి. అవి లేకపోతే అట్టముక్కకు రెండు మిల్లీమీటర్ల చిల్లు పెట్టి, సూర్యుడికి వీపు చూపి, మీటరు దూరంలో గోడ మీద పడే తొమ్మిది మిల్లీమీటర్ల బింబాన్ని చూడొచ్చు. అన్నిటికన్నా అందమైనది చింతచెట్టు నీడ. ఆకుల సందుల్లోంచి పడే గుండ్రటి వెలుగుచుక్కలన్నీ గ్రహణవేళ నెలవంకలైపోతాయి. వంటింట్లోని చిల్లుల గరిటె కూడా ఇదే పని చేస్తుంది.

అలాంటి అవకాశం 2027 ఆగస్టు 2న రానుంది. ఆషాఢ అమావాస్య, మన చుక్కల అమావాస్య, సోమవారం. సంపూర్ణ గ్రహణం స్పెయిన్, ఉత్తర ఆఫ్రికాల మీదుగా సాగుతుంది. మనకు ఆ సాయంత్రం పాక్షికంగా కనిపిస్తుంది. సూర్యగ్రహణానికి నాలుగు జాముల వేధ కాబట్టి ఆరోగ్యవంతులకు ఆ రోజు పగలంతా ఉపవాసమే. ఇంట్లో చూలాలు, చిన్నపిల్లలు, షుగరు మందులు వాడే పెద్దవాళ్లు ఉంటే పంచాంగంలో మీ ఊరి స్పర్శ కాలం చూడండి. దాంట్లోంచి 2 గంటల 24 నిమిషాలు తీసేసి, ఆ వేళలోపు వాళ్లకు మధ్యాహ్న భోజనం వడ్డించండి.