సగటు డెబ్బై కిలోల కాపురం

ఇంజినీరింగ్ సీటు రాలేదని దిగులుపడే తల్లిదండ్రులకు నా సలహా ఒక్కటే: అబ్బాయిని లైట్‌వెయిట్ డబుల్ స్కల్స్ అనే పడవ పందెంలో చేర్పించండి. ఒక పడవ, ఇద్దరు మనుషులు, మనిషికి రెండేసి తెడ్లు, 2000 మీటర్ల నీళ్లు. ఆరున్నర నిమిషాల్లో డ్యూటీ అయిపోతుంది. దానికోసం నాలుగేళ్లు పొద్దునా సాయంత్రం నీళ్ల మీదే ఉండాలన్న సంగతి ఇప్పుడే చెప్పకండి.

అర్హత తేలికే. ఇద్దరి బరువు సగటు 70 కిలోలు మించకూడదు, ఎవరూ 72.5 దాటకూడదు. ఒకాయన 71.5 తూగితే రెండో ఆయన 68.5కి దిగిరావాలి. జాతకాలు కుదరకపోతే పంతులుగారు శాంతి చేయించి సర్దేస్తారు. కాటాకు ఎంత దక్షిణ ఇచ్చినా ముల్లు కదలదు. ఆ తూకం కూడా రేసుకు రెండు గంటల నుంచి గంట ముందు మధ్యలోనే. అందుకని పొద్దున్నే రెండు స్వెట్టర్లేసుకుని పరుగెత్తి చెమట కార్చాలి, గ్లాసుడు నీళ్లను పగవాడిలా చూడాలి, కాటా దిగీ దిగగానే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు గటగటా తాగి పడవెక్కాలి. అత్తగారు వడ్డించిన ఉప్మా పెసరట్టును వెనక్కి పంపగలిగినవాడే ఈ ఉద్యోగానికి పనికొస్తాడు.

పడవకు మాత్రం రూలు తిరగబడుతుంది. 27 కిలోలకు తగ్గకూడదు. తగ్గితే అదనపు బరువు బిగించాలి. మనిషి పెరగకూడదు, పడవ చిక్కకూడదు. రూల్సు రాసినవారి ప్రేమ ఎవరి మీదో తెలుస్తూనే ఉంది.

లాగేటప్పుడు రెండు తెడ్ల పిడులూ మధ్యలో ఒకదానిమీదికి ఒకటి వస్తాయి. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. అందుకే ఎడమచేతి తెడ్డు కూర్చునే గేటును సెంటీమీటరు దాకా ఎత్తుగా బిగిస్తారు. అది మరిచారా, చేతులు ఒకదాన్నొకటి గీరుకుని కణుపులు నెత్తురోడతాయి. నీళ్లలోంచి పైకి రాకముందే తెడ్డు రెక్కను బల్లపరుపుగా తిప్పి పడుకోబెడితే నీరు దాన్ని కిందికి లాగేస్తుంది. పిడి వచ్చి కడుపులో గుద్దుతుంది, పడవ చతికిలబడుతుంది. దీన్ని పీత పట్టడం అంటారు. కోనసీమలో పీత పడితే పులుసు, ఫైనల్లో పడితే ఆరో స్థానం.

ప్రమోషన్లు కూడా ఉన్నాయి. 2021లో టోక్యోలో ఆర్మీవాళ్లు అర్జున్ లాల్ జాట్, అరవింద్ సింగ్ 11వ స్థానంలో నిలిచారు. ఒలింపిక్స్ రోయింగ్‌లో మన దేశానికి అప్పటికి అదే మెరుగైన ఫలితం. "పదకొండా?" అని పెదవి విరిచినవారిలో తెడ్డు పట్టినవారెవరూ లేరనే నా నమ్మకం. ఆ ఇద్దరే 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెండి తెచ్చారు.

ఇక పదవీ విరమణ. 1996లో అట్లాంటాలో మొదలైన ఈ లైట్‌వెయిట్ విభాగాన్ని 2024 పారిస్‌తో ఒలింపిక్స్ నుంచి తీసేశారు. 2028లో లాస్ ఏంజెలెస్‌కు దాని బదులు ఇసుకలో పరుగెత్తి అలల్లో పడవ నడిపే బీచ్ స్ప్రింట్ వచ్చింది. డబుల్ స్కల్స్ ఉంది గానీ, అందులో తూకం లేదు. పక్క లేన్లలో 95 కిలోల ఆజానుబాహులుంటారు. కాబట్టి అత్తగారికి కబురు పెట్టండి, ఆ పెసరట్టు ఇంకా ఉందేమో కనుక్కోండి. రెండు.