బాప్తిస్మం ఆపిన పదిహేను నెలలు

1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలల పాటు, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగేవాళ్లు లేక కాదు. పల్లెల నుంచి గుంపులు గుంపులుగా వచ్చి అడిగారు. ఇవ్వనని పట్టుబట్టింది మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. మతప్రచారానికే అమెరికా నుంచి వచ్చిన మనిషి ఆయన. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. అలాంటి మనిషి, తాను ఏళ్ల తరబడి దేనికోసం ఎండల్లో తిరిగారో అది గుమ్మం ముందుకొచ్చి నిలబడితే, ఇప్పుడు కాదు పొమ్మన్నారు. అది 1876లో మొదలైన ధాత కరువు కాలం. కూడు కోసం వచ్చిందెవరో, నమ్మకంతో వచ్చిందెవరో ఆకలి తీరేదాకా తేలదని ఆయన అనుకున్నారు.

క్రిస్మస్ దగ్గరపడి, చర్చిల ముందు బియ్యం సంచులు, దుప్పట్లు, కొత్త చీరలు పంచే ఈ రోజుల్లో ఆ పదిహేను నెలలను గుర్తు చేసుకోవాలని మేము కోరుతున్నాం. పంచేవాళ్లూ గుర్తు చేసుకోవాలి, ఆ పంపకాన్ని అనుమానంగా చూసేవాళ్లూ గుర్తు చేసుకోవాలి.

1876లో వానలు లేవు. మద్రాసు ప్రెసిడెన్సీలో పంటలు పోయాయి, పశువులు పోయాయి, తర్వాత మనుషులు పోవడం మొదలైంది. రెండేళ్లలో దేశం మొత్తం మీద 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, కూలి ఎక్కువిస్తే జనం సోమరులైపోతారని భయపడింది. వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పలుగూ పారా పట్టి పని చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిగా పైసలు చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ మొత్తుకోవాల్సి వచ్చింది.

ఆ కరువు పనుల్లోనే బకింగ్‌హామ్ కాలువ తవ్వకం ఒకటి. క్లౌకు మిషనరీ కాకముందు భూముల సర్వే పని చేసిన అనుభవం ఉంది. మూడున్నర మైళ్ల కాలువను ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేల మంది వచ్చి పనిలో చేరారు. మాదిగలే ఎక్కువ. వేరే కులాలవాళ్లూ ఉన్నారు. మిషన్ బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. తట్ట మోసిన ప్రతి మనిషికీ కూలి ముట్టింది. మధ్యాహ్నం కాస్త సేద తీరేటప్పుడు బోధకులు సువార్త చెప్పేవారు. ఈ సంగతిని మేము దాటవేయడం లేదు. వినేవాళ్లు విన్నారు, కునుకు తీసేవాళ్లు తీశారు. సాయంత్రం కూలి లెక్క మాత్రం తవ్విన మట్టిని బట్టే.

1878 వేసవి నాటికి సహాయం పంచడం దాదాపు ముగిసింది. ఒంగోలుకు ఉత్తరంగా గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి క్రైస్తవులు మాత్రమే రండని క్లౌ కబురు పెట్టారు. వాళ్ల వెంట వేరేవాళ్లు వేలల్లో వచ్చారు. ఇక నా దగ్గర పంచడానికేమీ లేదు, ఇళ్లకు వెళ్లండని ఆయన చెప్పారు. మాకు సహాయం వద్దన్నారు వాళ్లు. అరచేతుల్లో బొబ్బలు చూపించి, కష్టపడి బతికామని, ముందూ కష్టపడే బతుకుతామని, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతామని, చచ్చినా క్రైస్తవులుగానే చస్తామని అన్నారు. జూలై 3న ఒక్క రోజే ఆ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రపంచమంతా చెప్పుకునేది ఈ అంకె గురించే. మాకు మాత్రం అంతకుముందు పదిహేను నెలలు నిలబడిన సున్నాయే పెద్దదిగా కనిపిస్తుంది.

క్లౌ లోపం లేని మనిషని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ వేల మందిని తాను తీసుకోకపోతే రోమన్ కాథలిక్కులు తీసుకుపోతారన్న టెన్షన్ కూడా ఆయనకు ఉండేది. కరువులో కూలి ఇప్పించిన మనిషి మీద ప్రేమ పుట్టకుండా ఉంటుందా, ఆ ప్రేమ నిర్ణయం మీద పని చేయకుండా ఉంటుందా అని అడిగేవారికి మా దగ్గర తేలిక జవాబు లేదు. మనసులో కృతజ్ఞతనూ విశ్వాసాన్నీ విడదీసి కొలిచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. ఇచ్చేవాడి చేతిలో ఉన్నది ఒకటే: తాను ఇచ్చేదానికి షరతు కట్టకుండా ఉండడం. అది ఆయన చేశారు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. తెలుగు చర్చిల్లో ఒక మాట చాలా మామూలుగా వాడతారు: అన్యులు. పక్కింటి హిందువు అన్యుడు, ఎదురింటి సాయిబు అన్యుడు, దేవుడే లేడనే మాస్టారూ అన్యుడే. బైబిలు తెలుగులో యూదులు కానివారిని అన్యజనులు అన్నారు, అక్కడి నుంచి వచ్చింది. ఆ లెక్కన మన క్రైస్తవులందరి పూర్వీకులూ అన్యజనులే. అన్యుడంటే పరాయివాడు. పొద్దున వేపచెట్టు కింద కలిసి నీళ్లు పట్టుకున్న మనిషిని ఆదివారం పూట పరాయివాడని పిలవడం మాకు బాధగా ఉంటుంది. అదే బైబిలు నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపుమని చెబుతుంది. ఎవరయ్యా నా పొరుగువాడని ధర్మశాస్త్రం చదువుకున్నవాడు అడిగితే యేసు మంచి సమరయుని కథ చెప్పాడు. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ణి చూసీ యాజకుడు పక్కనుంచి పోయాడు, గుడి సేవ చేసే లేవీయుడు పోయాడు. ఆగి గాయాలకు కట్టు కట్టింది యూదులు తమ గుడి దరిదాపులకు రానివ్వని సమరయుడు. అంటే ఆ కథలో సాయం చేసినవాడే పరాయి విశ్వాసం వాడు. తెలుగు సంఘాల్లో ఈ కథ మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండడు. ఆ సమరయుడి కులం ఏమిటి, ఆరాధన ఏమిటని అడిగే ప్రసంగాలు మాత్రం తక్కువ.

మనవాళ్లకే ముందు అనేవారు గలతీయులకు రాసిన పత్రికలో ఒక వచనం చూపిస్తారు, విశ్వాస గృహానికి చేరినవారికి విశేషంగా మేలు చేయమని. నిజమే, ఉంది. కానీ ఆ వాక్యంలో దానికి ముందే 'అందరి యెడలను' అన్న మాట ఉంది. సగం నుంచి చదివి, రిజిస్టరులో పేరున్న కుటుంబాలకే బియ్యం పంచడం సరికాదు. పంచే ముందు గంటసేపు మైకులో ప్రసంగం పెట్టి, చివరిదాకా కూర్చున్నవాళ్లకే టోకెన్లు ఇవ్వడం ఇంకా సరికాదు. ముసలమ్మ చేతిలో దుప్పటి పెట్టి నలుగురు సంఘ పెద్దలు ఫోటోకు నిలబడడం గురించి మేము చెప్పక్కర్లేదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మీ పుస్తకంలోనే ఉంది.

లూకా సువార్తలో పదిమంది కుష్ఠురోగులు బాగుపడ్డారు. తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడే, అతడూ సమరయుడే. తొమ్మిదిమంది ఏరని యేసు అడిగాడు. అడగడంలో నొప్పి ఉంది. కానీ ఆ తొమ్మిదిమందికి రోగం తిరిగి వచ్చిందని సువార్త చెప్పదు. తిరిగిరానివాళ్ల ఒంటి మీద కూడా ఆ స్వస్థత అలాగే నిలిచింది. క్రైస్తవ దాతృత్వం ఎలా ఉండాలో చెప్పడానికి మాకు ఇంతకన్నా మంచి కొలత కనిపించలేదు.

ఆ కొలతకు తూగిన పనులు మన నేల మీద ఉన్నాయి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆస్పత్రినే చూడండి. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త, మెథడిస్టు పాదిరి జార్జ్ కెర్ 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. అప్పట్లో కుష్ఠును పెద్దరోగం అనేవారు. రోగిని ఇంట్లోంచి, ఊళ్లోంచి పంపేసేవారు. సొంత తల్లి కూడా దూరం నుంచి అన్నం పెట్టిన రోజులు. ఇసబెల్ వాళ్లకు వైద్యం మొదలుపెడితే ఉన్న చోటు చాలలేదు. అప్పుడు ఆస్పత్రి కట్టడానికి పెద్ద మొత్తం ఇచ్చింది నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు. రాజ్యం ముస్లిం ప్రభువుది. వైద్యం చేసింది క్రైస్తవ డాక్టరు. 1915లో తెరిచిన ఆ విక్టోరియా ఆస్పత్రిలో చేరిన రోగులు ఏ మతంవాళ్లని లెక్క తీయాలన్న ఆలోచనే మాకు కొంచెం సిగ్గుగా ఉంది. నర్సాగౌడ్ ఇచ్చిన డబ్బు గురించి ఇంకొక్క మాట. క్రైస్తవులు ఇతరులకు చేసిన సేవ గురించి చెప్పేటప్పుడు ఇతరులు ఆ సేవకు పెట్టిన డబ్బునూ శ్రమనూ మరిచిపోతుంటాం. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆడవాళ్ల ఆస్పత్రికైనా, రాయలసీమ జనం ఇవాళ్టికీ రాయవేలూరు అని పిలుచుకుంటూ రైలెక్కి వెళ్లే సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రికైనా ఇదే మాట వర్తిస్తుంది. వేలూరు ఆస్పత్రి పుట్టుకకు కారణం కూడా ఒకే రాత్రి కాన్పు కష్టమై చనిపోయిన ముగ్గురు ఆడవాళ్లని దాన్ని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ చెప్పేవారు. మగ డాక్టరును లోపలికి రానివ్వడానికి ఆ ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురిలో క్రైస్తవురాలు ఒక్కరూ లేరు.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ కాథలిక్కుల జెసూట్ సంఘాన్ని, పాదిరి పదవిని వదిలేసి, మతం పేరు లేని సంస్థగానే ఆర్డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) నడిపారు. 2009లో ఆయన పోయినప్పుడు కరువు సీమ పల్లెలు ఇంటి పెద్ద పోయినట్టు ఏడ్చాయి.

మతం అడగకుండా పెట్టడం మిషనరీలు తెచ్చి నేర్పిందని మేము అనడం లేదు. అదే 19వ శతాబ్దంలో గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా వచ్చినవాళ్లకు విస్తరి వేశారు. ఈ నేలకు ఆ గుణం తెలుసు. అందుకే షరతు పెట్టి ఇచ్చే చెయ్యిని ఇక్కడి జనం ఇట్టే గుర్తుపడతారు, షరతు లేని చెయ్యినీ గుర్తుపడతారు.

ఇక అనుమానించేవాళ్లతో ఒక మాట. పేదవాడికి క్రైస్తవుడు పెట్టిన ప్రతి ముద్దలోనూ ఎర ఉందనడం అబద్ధం. దానికన్నా ముందు, అది ఆ పేదవాడికి అవమానం. గుప్పెడు బియ్యానికి దేవుణ్ణి మార్చుకుంటాడని అతని గురించి అనుకుంటున్నాం, మన గురించి అలా అనుకోం. ఎర మాటకొస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. ఎస్సీ రిజర్వేషన్, చట్టం రక్షణ ఆ హోదాతో ముడిపడి ఉన్నాయి. బియ్యం సంచి ఒకవైపు పెట్టి, పోగొట్టుకునేవి ఇంకోవైపు పెట్టి చూడండి.

క్రైస్తవుల దాతృత్వానికి మొదటి నుంచీ శత్రువులే సాక్ష్యం చెప్పారు. 4వ శతాబ్దంలో రోమను చక్రవర్తి జూలియన్ క్రైస్తవాన్ని అణచి పాత దేవతల పూజ తిరిగి నిలపాలనుకున్నాడు. తన పూజారికి రాసిన ఉత్తరంలో, వీళ్లు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనం చూస్తూ ఊరుకోవడం సిగ్గుచేటని రాశాడు. వెంటనే సత్రాలు తెరవమని, గోధుమలు, ద్రాక్షారసం పంపుతానని కూడా రాశాడు. క్రైస్తవం అంటే గిట్టని రాజుకు కూడా తోచిన జవాబు తానూ అన్నం పెట్టడమే. మన ప్రభుత్వం 2021 క్రిస్మస్ రోజున మదర్ తెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీకి విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ నిరాకరించింది. 2022 జనవరి మొదటి వారంలోనే మళ్లీ ఇచ్చింది. ఆ రెండు వారాల్లో అనాథాశ్రమాలు, కుష్ఠు ఆశ్రమాలు నడిపేవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించాలి. లెక్కలు అడగండి, తప్పకుండా అడగాలి. మోసం, బలవంతం జరిగితే కేసు పెట్టండి. మంచం మీదున్న రోగికి ఆ దస్త్రాలతో పని లేదు.

చర్చి పెద్దలు ఈ డిసెంబరులోనే చేయగలిగిన పనులు ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలో సంఘం రిజిస్టరు చూడకుండా ఊళ్లో ఆశా వర్కరునో అంగన్‌వాడీ టీచరునో అడగండి. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో వాళ్లకు తెలుసు. బియ్యం ఒక రోజు ఇవ్వండి, ప్రార్థన కూటం ఇంకో రోజు పెట్టుకోండి. విశ్వాసాన్ని దాచుకోమని మేము ఎవరికీ చెప్పం. రోగి పక్కన నర్సమ్మ మీకోసం ప్రార్థన చేయమంటారా అని అడగడంలో తప్పు లేదు. వద్దమ్మా అంటే నవ్వి ఊరుకోవాలి, ఇంజెక్షన్ మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు.

బకింగ్‌హామ్ కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. ఒకప్పుడు దాని మీద పెదగంజాం నుంచి మద్రాసు దాకా ఉప్పు, బియ్యం, కట్టెలు పడవల్లో వెళ్లేవి. క్లౌ తవ్వించిన మూడున్నర మైళ్లలో వెల్లంపల్లి వెళ్లి నదిలో దిగినవాళ్లు తవ్విన గజాలున్నాయి, ఆ తర్వాత వాళ్ల ఊళ్లకు వెళ్లి వాళ్ల పోలేరమ్మకే మొక్కుకున్నవాళ్లు తవ్విన గజాలున్నాయి. అందరికీ ఇచ్చిన కూలి రేటు ఒకటే.