వీసా సాక్ష్యాలు, విడిచిన వలలు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం, దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకునే సమయం. అమెరికా ఉద్యోగానికి హెచ్‌1బీ వీసా స్టాంపింగ్ అయిందని ఒకరు, ఫ్లాట్ రిజిస్ట్రేషన్ పూర్తయిందని ఒకరు, అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు వచ్చిందని ఇంకొకరు. ప్రతి దానికీ చప్పట్లు, హల్లెలూయలు. ఒంగోలులో అయినా డాలస్‌లో అయినా ఇదే వరస. లంచం ముట్టనన్నందుకు బదిలీ అయినవాడి చేతికి మైకు రావడం మాత్రం అరుదు. చేతికొచ్చినవాటి జాబితాను శిష్యత్వం అనుకుంటున్నాం.

లూకా సువార్త 5వ అధ్యాయం తీయండి. రాత్రంతా ప్రయాసపడినా జాలరి పేతురుకు ఏమీ దొరకలేదు. యేసు మాట మీద మళ్లీ వేస్తే వలలు పిగిలిపోయేంతగా చేపలు పడ్డాయి. రెండో దోనెలో ఉన్న పాలివాళ్లకు సైగ చేశారు. రెండు దోనెలూ మునిగేంత నిండాయి. మనం చెప్పే సాక్ష్యం సరిగ్గా ఇక్కడ ముగుస్తుంది. లూకా ఇంకా రాశాడు. 11వ వచనంలో వాళ్లు దోనెలను దరికి చేర్చి, సమస్తం విడిచిపెట్టి ఆయన వెంట వెళ్లారు. నష్టమొచ్చిన రోజున ఎవరైనా వల పక్కన పడేస్తారు. వీళ్లు పడేసింది దోనెలు పట్టనంత రాబడి ఒడ్డున ఉండగా! ఇచ్చినవాణ్ణి చూశాక ఇచ్చింది చిన్నదైపోయింది. నాకు తెలిసి శిష్యత్వానికి ఇంతకంటే సూటి నిర్వచనం లేదు.

అదే సువార్త 12వ అధ్యాయంలోని ధనవంతుడికి ఈ చూపు లేదు. అతను దొంగ కాడు, భూమి బాగా పండింది, అంతే. నా పంట, నా కొట్లు, నా ధాన్యం, నా ఆస్తి, చివరికి నా ప్రాణం అన్నాడు. ఆ రాత్రే దేవుడు ప్రాణం అడిగినప్పుడు తేలింది, ఆ చివరిది తనది కాదని.

మన నేల మీదే దీనికి పరీక్ష జరిగింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కూలి కోసం బాప్తిస్మానికి, అంటే నీళ్లలో ముంచి క్రైస్తవ విశ్వాసంలోకి చేర్చుకునే ఆచారానికి, వస్తారేమోనని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక సాయంగా ఇవ్వడానికి డబ్బు లేదన్నా జనం కదల్లేదు. మా చేతుల బొబ్బలు చూడండి, మాకు సాయం వద్దు, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మానికి నీళ్లలోకి దిగారు. ఆ రోజు వాళ్లకు దక్కే లాభం ఏమీ లేదు.

తరతరాలు ఊరి బయట ఉంచిన కుటుంబాలకు ఉద్యోగం, ఇల్లు అంటే మర్యాద, దాన్ని తక్కువ చేస్తారా అని అడుగుతారు. న్యాయమైన మాటే. పేదరికం పవిత్రత కాదు, కృతజ్ఞత చెప్పాల్సిందే. కానీ మర్యాద దేవుడి పోలికలో పుట్టినందుకు వచ్చింది. వీసాతో వచ్చిందని పిల్లలకు నేర్పితే, వీసా తిరస్కరించిన రోజున వాళ్ల దగ్గర ఏం మిగులుతుంది?

అసలు చేటు ఇంట్లో మొదలవుతుంది. పదో తరగతికి రాగానే ఆదివారం టెస్టుల పేరుతో సండే స్కూలు మానిపిస్తాం. పరీక్షల ముందు మాత్రం హాల్‌టికెట్ పట్టుకుని పాస్టర్‌గారి దగ్గరికి తీసుకెళ్తాం. ర్యాంకు యజమాని, దేవుడు దానికి సహాయకుడు అని పిల్లవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, చూసి నేర్చుకుంటాడు. డబ్బు దగ్గరా అంతే. జీతం పడగానే దశమభాగం తీసి కవరులో పెడతాం, మిగిలిన తొమ్మిది భాగాల మీద దేవుడికి మాట లేకుండా చేస్తాం. పనిమనిషి జీతం, తమ్ముడికి రావలసిన పొలం వాటా, ఎగ్గొట్టిన పన్ను, అన్నీ ఆ తొమ్మిదిలోనే ఉన్నాయి.

లూకా సువార్తలోని పన్నుల వసూలుదారు జక్కయ్య సాక్ష్యంలోనూ అంకెలున్నాయి. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ లెక్క విన్నాకే. వచ్చే ఆదివారం మైకు ఇచ్చే ముందు సంఘ పెద్దలు ఒక్క ప్రశ్న అడగాలి: ఈ వారం ఎవరికి ఏం తిరిగి ఇచ్చావు?