ఉరి తీశాకే ఇంటికి కబురు

మొహ్సెన్ షెకారీకి 23 ఏళ్లు, టెహ్రాన్‌లో ఒక కేఫ్‌లో పని. 2022 సెప్టెంబరులో హిజాబ్ సరిగా లేదని పట్టుకెళ్లిన యువతి మహ్సా అమీనీ పోలీసు కస్టడీలో చనిపోయాక ఇరాన్‌లో రోడ్డెక్కిన వేలాది మందిలో ఒకడు. దారికి అడ్డంపడ్డాడని, సర్కారుకు కాపు కాసే బసీజ్ సాయుధ దళం మనిషిని కత్తితో గాయపరిచాడని కేసు. ఆ గాయానికి 13 కుట్లు పడ్డాయి, మనిషి బతికే ఉన్నాడు. షెకారీని మాత్రం డిసెంబరు 8న ఉరి తీసేశారు.

నాలుగు రోజులకే మష్హద్‌లో మజీద్‌రెజా రహ్నవర్ద్‌ని జనం చూస్తుండగా క్రేన్‌కి వేలాడదీశారు. ముందురోజు జైలుకెళ్లి కొడుకుని చూసొచ్చిన తల్లికి, తెల్లారితే ఉరి అన్న ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఇద్దరు బసీజ్ సభ్యులను చంపాడన్నారు. నిజంగా చంపి ఉంటే శిక్ష పడాల్సిందే, దాన్ని మేం కాదనం, కానీ తనకు నచ్చిన లాయర్ని పెట్టుకోనివ్వకుండా, అరెస్టు నుంచి ఉరిదాకా అన్నీ 23 రోజుల్లో ముగించేస్తే దాన్ని విచారణ అని ఎవరైనా ఎలా అంటారు?

ఇద్దరి మీదా మోపిన నేరం మొహారెబె, అంటే దేవుడి మీద యుద్ధం. సర్కారును నిలదీసినవాణ్ణి దేవుడికే శత్రువు చేసేస్తే ఇక వాడి తరఫున నోరెత్తడానికి కన్నవాళ్లు కూడా జంకాలి, పాలకులకు కావాల్సింది అదే. 2023 జనవరిలో ఉరికి బలైన 22 ఏళ్ల మొహమ్మద్ మెహ్దీ కరామీ తండ్రి, బిడ్డను వదిలేయమని వీడియోలో చేతులెత్తి వేడుకున్నాడు. బిడ్డ పోయాక కొన్ని నెలలకు ఆయన్నీ అరెస్టు చేశారు.

ఇది మతం సంగతి, బయటివాళ్లకెందుకు అనేవాళ్లున్నారు. 1988లో వేలాది రాజకీయ ఖైదీలను ఇలాగే ఉరి తీస్తున్నప్పుడు, తప్పని అప్పటి ఇరాన్ అధినేత ఖొమేనీకే ఉత్తరాలు రాసి చెప్పింది ఆయన వారసుడిగా ఖాయమైన మతపెద్ద అయతొల్లా మొంతజెరీయే. ఆ మాటకి పదవి పోగొట్టుకున్నాడు, మాట వెనక్కి తీసుకోలేదు.

మన దేశం ఆపాటి కూడా చెప్పలేకపోయింది. 2022 నవంబరు 24న జెనీవాలో, ఐరాస మానవ హక్కుల మండలిలో, ఈ అణచివేతపై నిజనిర్ధారణ బృందం వేయాలన్న తీర్మానానికి 25 దేశాలు సై అంటే భారత్ ఓటు వేయకుండా కూర్చుంది. ఇరాన్‌లోని చాబహార్ రేవు అవసరాలు మనకుంటే ఉండొచ్చు. అవి చూసుకుంటూనే, ఉరిశిక్ష పడ్డ నిరసనకారుల పేర్లు ఒక్కొక్కటీ చదివి, వీళ్ల ఉరి ఆపండని టెహ్రాన్‌లోని మన రాయబారి అడగాలి.