పగడాలపై వచ్చే పురుగులు: ‘ముంచి తీస్తే చాలు’ అన్న సలహా ఎందుకు చెల్లదు

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడాలు పెంచేవారి మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. కొత్త పగడాన్ని అయోడిన్ కలిపిన నీటిలో పది నిమిషాలు ముంచి తీస్తే దాన్ని అంటుకొని వచ్చినవన్నీ చస్తాయని, ఆ తరువాత ట్యాంకులో పాకుతూ కనబడినది ఏదైనా శత్రువే గనుక ఏరిపారేయాలని దాని సారాంశం. ఈ రెండు మాటల్లో ఏదీ నిలబడదు.

ముంచడం వల్ల కదిలే పురుగులు చాలావరకు ఊడిపడతాయి గాని గుడ్లు చావవు. అక్రోపోరా అనే కొమ్మల పగడాన్ని తినే చదునుపురుగు, తాను మింగిన కణజాలపు రంగే ఒంట్లో నిండడం వల్ల, కొమ్మ మీద ఉన్నా కంటికి ఆనదు. మనకు కనబడేవి అది కొరికిన చోట మిగిలే గుండ్రని పాలిపోయిన మచ్చలు మాత్రమే. గుడ్లను అది కొమ్మ మొదట్లో, జీవం లేని వట్టి రాతి భాగం మీద గోధుమరంగు గుంపులుగా అతికిస్తుంది. అందుచేత ఆ మొదలును భూతద్దంతో పరీక్షించి, గుడ్లున్న భాగాన్ని గీకి లేదా కోసి పారేసి, పగడాన్ని కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, గుడ్లు పొదిగి వచ్చే పిల్లల కోసం మళ్లీ మళ్లీ ముంచవలసిందే. మోంటిపోరా అనే మరో పగడం అడుగున దాగే చిన్న తెల్లని నూడిబ్రాంకుల (గుల్లలేని సముద్రపు నత్తల) విషయమూ ఇంతే. పగడాలను కుట్టే ఐప్టేసియా అనే చిన్న సీ అనిమోన్‌ (పువ్వులాంటి జీవి) అయితే, గీకితే మిగిలిన తునకల నుంచే మళ్లీ పుడుతుంది.

రెండో మాట మరీ అన్యాయం. ట్యాంకుల్లో కనబడే బ్రిసిల్ వర్మ్‌లలో (ప్రక్కల ముళ్లకుచ్చులుండే పొడవాటి పురుగుల్లో) ఎక్కువభాగం మిగిలిన మేతను, కుళ్లినదాన్ని తినేవే. చస్తున్న పగడం చుట్టూ అవి మూగాయంటే చంపింది అవేనని కాదు. వాటిలో పగడాలను నిజంగా తినే హెర్మోడిస్ కరంక్యులాటా అనే రకం అట్లాంటిక్, మధ్యధరా సముద్రాలది; దాని తలమీద ముడతలు పడ్డ కండ, ప్రక్కల ఒత్తైన తెల్లని ముళ్లకుచ్చులు ఉంటాయి. (ఏ రకమైనా వట్టి చేత్తో పట్టుకోరాదు, ముళ్లు విరిగి వేలిలో దిగుతాయి.) పీతల్లోనూ ఇదే తేడా ఉంది: ఒళ్లంతా నూగుండి కొండిచివరలు నల్లగా ఉన్నవాటిని అనుమానించవచ్చు గాని, పోసిలోపోరా పగడం కొమ్మల్లో ఉండే నున్నని ట్రపీజియా పీత పగడాలను తినే ముళ్లకిరీటపు నక్షత్రచేపను గిల్లి తరిమే కాపలాదారు.

పోల్చుకోకుండా మందు పోస్తే నష్టం పెద్దది. అక్రోపోరా మీద బతికే, అర మిల్లీమీటరు ఉండే రెడ్ బగ్ అనే పురుగుకు వాడే మిల్బెమైసిన్ ఆక్సిమ్ మందు ట్యాంకులోని రొయ్యలను, పీతలను కూడా చంపుతుంది. ఎర్ర చదునుపురుగులు ఒక్కసారిగా చస్తే వాటి ఒంట్లోంచి వెలువడే విషానికి చేపలు చావవచ్చు.