ఒక్కటే ఛానలట, ఎంత ప్రశాంతమోనట!

పొద్దుగాల చాయ్ తాగుకుంట ఫోన్ తెరిస్తే, మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల మా మేనల్లుడు ఒక వీడియో పెట్టిండు. తిరుక్కుంట వచ్చే పాత దూరదర్శన్ గుర్తు, ఎనుక ఆ షెహనాయి. కింద రాత: "ఒక్కటే ఛానల్. అరుపుల్లేవు, అబద్ధాల్లేవు. ఆ ప్రశాంతత మళ్లీ రాదు." రెండు ఎర్ర గుండెకాయలు.

సరే, పిల్లలు, ఊకున్న. వాడు పుట్టిందే 1989ల. గంట తర్వాత ఇంకోటి పెట్టిండు. ఎమర్జెన్సీల (అదే, 1975ల ఇందిరా గాంధీ పెట్టింది) రైళ్లు టైముకు నడిచినయట, ఆఫీసర్లు టైముకు కుర్చీల కూసున్నరట, దేశానికి మళ్ల అసుంటి క్రమశిక్షణే కావాల్నట.

నేను ఒక్క ముక్కనే రాసిన: "అరే, ఆ టీవీ నేను చూసిన్రా. ఎమర్జెన్సీలనే చూసిన."

దానికి వాడు: "మామా, అప్పుడు నువ్వు పదేళ్ల పిల్లగానివి. నీకేం గుర్తుంటది?" పక్కన పండ్లికిలించే బొమ్మ.

మా బావ దానికి బొటనేలు లేపిండు. అక్క గులాబీ పువ్వు మీద "శుభోదయం" పెట్టింది. అయిపాయె, గ్రూపుల చర్చ ముగిసింది. నాకు ముగియలే. మధ్యాహ్నం అన్నం కూడ సరిగ్గ తినలే. అందుకే ఇక్కడ రాస్తున్న, చదివెటోళ్లు చదువున్రి.

ముందుగాల ఆ రైళ్ల సంగతి. మా ఊరికి రైలే లేదు. మెదక్ పట్నానికి రైలొచ్చిందే 2022ల! టైముకు రానీకి దానికి నలభై ఏడేండ్లు పట్టింది. క్రమశిక్షణ అంటే గదీ.

ఇగ టీవీ. పట్నం పిల్లలకు చెప్తే నమ్మరు గానీ, హైదరాబాద్‌కంటె ముందే మా ఊర్లకు టీవీ వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977 అక్టోబర్ల. మాకు 1975 ఆగస్టు 1 నాడే. 'సైట్' అనేటోళ్లు దాన్ని, ఉపగ్రహంతోటి ఊర్లకు టీవీ చూపిచ్చే ప్రయోగం. అమెరికావాళ్ల నాసా ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మనకు ఒక్క సంవత్సరానికి అరువిచ్చింది. ఆరు రాష్ట్రాలల్ల 2,400 ఊర్లు ఏరిన్రు. మన దిక్కు మెదక్, మహబూబ్‌నగర్, హైదరాబాద్, కర్నూలు జిల్లాలల్ల ఊర్లు. అండ్ల మాది ఒకటి. టీవీ డబ్బా మన హైదరాబాద్ సర్కారు కంపెనీ ఈసీఐఎల్‌ల తయారైంది. బడి పక్కన పది ఫీట్ల గొడుగు, అంటే డిష్ యాంటెన్నా, నిలబెట్టిన్రు, ఇనుప తీగల జాలితోటి. అచ్చం కోళ్లగూటికి కొట్టే జాలి. ఊరోళ్లు ఊకుంటరా? "సర్కారు కోళ్లు పెంచుతదట" అని నవ్విన్రు. ఈ జాలి సంగతి యాదికుంచుకోన్రి, మళ్లొస్త దీని కాడికి.

(నడుమ ఒక ముచ్చట. కొలంబోల ఆర్థర్ క్లార్క్ అని ఇంగ్లీషు రచయిత ఉండె. మొదట్ల ఈ ఉపగ్రహాల ఉపాయం చెప్పినోళ్లల్ల ఒకడు. ఆయన ఇంటి మీద గూడ ఇసుంటి గొడుగే పెట్టిచ్చిన్రు. అంటే మా ఊరి ముసలమ్మలు చూసిన వరినాట్ల కార్యక్రమమే ఆ దొర గూడ చూసుకుంట కూసున్నడన్నట్టు. ఆయనకేం సమజయిందో పాపం.)

అబద్ధమెందుకు, పొద్దున పిల్లలకు వచ్చేది మస్తుండె. సైన్సు ముచ్చట్లు తెలుగుల చెప్పేటోళ్లు. నేను లెక్కల మాస్టర్‌ను అయిన్నంటే అండ్ల దానికీ ఇంత వాటా ఉండొచ్చు. టీవీ మీద నాకేం కోపం లేదు. దాని ఒప్పందమే 1969ది. ఎమర్జెన్సీ కోసమే తెచ్చిన్రని నేను అనను. కానీ పెట్టిన యాళ్ల చూడున్రి: జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ, ఐదు వారాలు దాటంగనే మా బడి అరుగు మీద టీవీ.

ఆ ఐదు వారాల నడుమ ఇంకోటి జరిగింది. జూలై ఆఖరి వారంల, మా మెదక్ జిల్లాలనే, గిరాయిపల్లి అడివిల నలుగురు విద్యార్థులను పోలీసులు కాల్చి సంపిన్రు. ఎన్‌కౌంటర్ అన్నరు. అది ఎన్‌కౌంటరేనా, చెట్లకు కట్టేసి కాల్చిన్రా అని ఎమర్జెన్సీ పోయినంక ఎన్‌కౌంటర్ల మీద నిజాలు తేల్చనీకి తార్కుండే కమిటీ వచ్చి ఊరూరు తిరిగి అడిగెదాక బయటికి నోరు తెరిచినోడు లేడు. అది జరిగి వారం రోజులు. మా జిల్లా. మా ముంగట కొత్త టీవీ. అండ్ల ఏం చెప్పిన్రు? వరికి యూరియా ఎప్పుడు సల్లాలె, పసిపోరలకు కండ్లకలక వస్తె ఏం జేయాలె. అబద్ధాల్లేవంటివి గద అల్లుడా, నిజమే. ఒక్క అబద్ధం చెప్పలే. అసలు చెప్పనే లేదు.

డిసెంబర్ 1 నాడు ముషీరాబాద్ జైల్ల నక్సలైటు ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసిన్రు. ఆ రోజు మా టీవీల ఏమొచ్చిందో నాకు యాదికి లేదు. పదేండ్ల పిల్లగాన్ని గద, నీ లెక్క కరెక్టే. కానీ అది రాలేదన్నది మాత్రం యాదికుంది. ఎందుకంటే ఆ రాత్రి మా నాయిన రేడియోను దుప్పట్ల పెట్టుకొని బీబీసీ ఉర్దూ వినుకుంట పండిండు. ఆయన నిజాం జమానల ఉర్దూ మీడియం చదివినోడు. ఆ ఉర్దూ అన్ని దినాలకు అక్కరకొచ్చింది. అమ్మ "తగ్గియ్యయ్యా, గోడలింటయి" అన్నది. మా ఇంటిది మట్టిగోడ, గజం మందం. దానికి గూడ చెవులు మొలిసినయంటె ఎంత ప్రశాంతమో సూడున్రి.

పొద్దుమూకినంక పెద్దోళ్ల కార్యక్రమం. అండ్ల ఒక ముక్క హిందీల, అన్ని రాష్ట్రాలకు కలిపి. ఇందిరా గాంధీ ఇరవై సూత్రాల కార్యక్రమం, మంత్రుల కత్తెర్లు, రిబ్బన్లు. ఇండ్లనే నా కడుపు మండే ముచ్చటొకటున్నది. 1975 అక్టోబర్ల వెట్టిచాకిరి రద్దు అని ఆర్డినెన్సు తెచ్చిన్రు. ఇరవై సూత్రాలల్ల అదొకటి. మంచిదే, ఎవడొద్దంటడు? టీవీల గొప్పగ చెప్తున్నరు, వెట్టి పోయింది, అప్పులు మాఫీ, ఎవ్వడు ఎవ్వనికీ బానిస గాదు అని. మా ఊరి పోలీస్ పటేలు కుర్చేసుకొని ముంగట కూసున్నడు. ఆయన ఎనుక ఆయన జీతగాడు నిలబడి ఇసనకర్రతోటి ఇసురుతున్నడు. తండ్రి చేసిన అప్పు కింద ఎనిమిదేండ్ల సంది ఆ ఇంట్ల పడున్నోడు. టీవీ జూసుకుంటనే ఇసురుతున్నడు. వెట్టి రద్దయిందన్న కాడ చెయ్యి ఆగింది. ఆగంగనే పటేలు మెడ తిప్పి చూసిండు. మళ్ల ఇసుర్డు షురూ. మాదిగవాడోళ్లు బడి ప్రహరీ అవుతల నిలబడి చూసేది, గోడ మీదికెల్లి మెడలు సాపి. అది ఏ సూత్రంల లేదు కావచ్చు.

హిందీ సినిమా గాయకుడు కిషోర్ కుమార్ పాటలు రేడియోల, టీవీల బందు పెట్టిన సంగతి తెలుసునా మీకు? సర్కారు పిలిస్తె పాడనన్నడని. ఒక్క మనిషి గొంతు మీద దేశమంత కక్ష. ఇంకోటి: 1977 ఫిబ్రవరిల ఢిల్లీ రాంలీలా మైదానంల ప్రతిపక్షాల సభ. అప్పుడే కాంగ్రెస్ ఇడిసిపెట్టొచ్చిన జగ్జీవన్ రాం మాట్లాడ్తడు, జనం ఇండ్లల్లకెల్లి కదలొద్దని అదే సాయంత్రం దూరదర్శన్ల 'బాబీ' సినిమా ఏసిన్రు. జనం సినిమా ఇడిసిపెట్టి సభకే పోయిన్రు. ఢిల్లోళ్లకు కనీసం 'బాబీ' అన్నా ఏసిన్రు. మాకు యూరియా.

ఇప్పటి ఛానళ్లు బంగారమని నేనన్ననా? పది మంది ఒక్కపారే మొత్తుకుంటే ఇంట్ల కుక్క గూడ లేసి బయటికి పోతున్నది. కానీ ఇప్పుడు నా చేతిల రిమోట్ ఉంది, నచ్చకపోతే బందు పెడ్త. అప్పుడు బందు పెట్టే తాళంచెవి ఎవనికాడ ఉండె?

ఆఁ. ఇగ అసలు కాడికొస్తున్న. ఇంతసేపు ఆగిన, ఇగ నాతోని గాదు.

టీవీ అర్ర తాళంచెవి పటేలు కాడ ఉండె. ఆయన దయ తలిస్తే తెరుస్తడు. ఆయన ఇంటికి సుట్టాలొస్తె, టీవీ డబ్బా జీతగాని నెత్తి మీద పటేలు ఇంటి దాకా పోయి ఉత్తగ మళ్లొచ్చేది. జాలి బడి కాడ్నే ఉంటది గద, ఆడ బొమ్మ ఎట్లొస్తది? అయినా మోపిచ్చేటోడు, సుట్టాలకు చూపియ్యనీకి. ఆ పటేలు ఎవరంటె, మా అల్లుని సొంత తాత. మా బావకు నాయిన. పదేండ్లకు మా అక్కను ఆ ఇంటికే ఇచ్చిన్రు. ఎందుకిచ్చిన్రో అది ఇంకో పోస్టుకు సరిపోతది. వానికి ఆ రోజులు ప్రశాంతంగ ఎందుకు కొడుతున్నయో ఇప్పుడు సమజయిందా? ముంగటి కుర్చీలకెల్లి చూస్తె అంత ప్రశాంతమే.

1976 ఎండకాలం. మా నాయిన బడిపంతులు. కుటుంబ నియంత్రణకు కేసులు, అంటే ఆపరేషన్‌కు మనుషులను, తేవాలె, తేకపోతే జీతం ఆపుతరు. ఆ ఏడాది దేశం మొత్తం మీద 80 లక్షల పైన ఆపరేషన్లు చేసిన్రు. ఉత్తరాదిల అయినంత జులుం మన దిక్కు కాలేదంటరు. కాలేదేమో. మా ఇంట్ల మాత్రం రెండు నెల్లు జీతం రాలే. నాయినకు కేసులు పట్టుకొచ్చే నోరు లేదు. పిల్లలకు ఎక్కాలు చెప్పుడు తప్ప ఏం రాదు ఆయనకు. ఒకనాడు పొద్దున్నే సైకిలెక్కి సర్కారు దవాఖానకు పోయిండు. మాపటికి సైకిలు ఎక్కి రాలే, నడిపించుకుంట వచ్చిండు. ఏమైందంటే పంక్చర్ అన్నడు. చక్రాలు రెండు గట్టిగున్నయి, నేను నొక్కి చూసిన గూడ. ఆ సంగతేందో ఆయన సచ్చిపోయినంక అమ్మ చెప్పింది.

దవాఖాన కాయితంల ఆ కేసు తెచ్చింది ఎవరని రాసిందో తెలుసునా? పటేలు పేరు. మా నాయిన సైకిలెక్కి పోయి, మా నాయిన కోపిచ్చుకొని, మా నాయిన నడిసొస్తె, లెక్క పటేలుది. ఆయనకు కలెక్టరాఫీసుల శాలువ.

వారమైనంక టీవీల కుటుంబ నియంత్రణ కార్యక్రమం. జనం సంతోషంగ, తమంత తామే ముందుకొస్తున్నరట. మా నాయిన ఎప్పుడు నాపక్క కింద కూసుంటుండె. ఆ వారమంత ఎనుక తలుపుకు ఒరిగి నిలబడి చూసిండు. "కూసో నాయినా" అంటె "ఈడికెల్లి మంచిగ కనపడ్తది" అన్నడు. నాకు పదేండ్లు. ఏం గుర్తుంటదట.

సరే, అయిపోయింది, 1977ల ఓట్లొచ్చినయి. ఉత్తరాది మొత్తం ఇందిరా గాంధీని ఇంటికి పంపింది. మనం? 42 సీట్లల్ల 41 కాంగ్రెస్సుకే! నంద్యాల ఒక్కటి జనతా పార్టీ సంజీవరెడ్డికి. మా మెదకోళ్లం ఇంకో అడుగు ముంగటికేసి, 1980ల ఆమెనే మా ఎంపీగ తెచ్చుకున్నం. ఎందుకంటరు? మాకెవరన్న ఏమన్న చెప్తె గద! మా టీవీల అంత మంచిగనే ఉండె. మా నాయిన ఎవరికి ఓటేసిండో సచ్చెదాక చెప్పలే. నేను అడగలే.

టీవీ అంతకుముందే పోయింది. 1976 జూలై 31తోటి అమెరికావాళ్ల సంవత్సరం అయిపోయింది, ఉపగ్రహాన్ని గుంజుకున్నరు. తెల్లారి డబ్బా తెరిస్తె ఉత్త గరగర. ఊరోళ్లు వారం దాక రోజు వచ్చి ఆ గరగర చూసి పోయిన్రు, మళ్లొస్తదేమో అని. డబ్బాను జీపుల ఏసుకొని పోయిన్రు. గొడుగు మాత్రం యాడికి పోయిందో ఎవ్వరు అడగలే.

అల్లుడా, నువ్వు ఇది చదువుతవని నాకు ఎరుకే. దసరాకు ఊరికి పోయినప్పుడు మీ ఇంటెనుక కోళ్లగూడు చూడు. తలుపులు, తడకలు కొత్తయి. పైకప్పు జాలి మాత్రం పాతది, తుప్పువట్టి, నడుమ లోతుగ వంగి ఉంటది. ఆ వంపు ఏడికెల్లి వచ్చిందో మీ నాయిన్ను అడుగు. బొటనేలు లేపమను.